జొన్నకు మందు మోసుకుపోయిన దసరా

బయలుదేరే ముందు

"దసరా సెలవులకు ఎక్కడికి వెళ్ళొచ్చారు మాస్టారూ?" అని మా రేపల్లెలో అడిగిన ప్రతివాడికీ కర్నూలు, కడప జిల్లాలకని చెప్పాను. "అక్కడేముందండీ చూడ్డానికి, రాళ్ళూ ఎండా తప్ప!" అన్నారు. ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిజానికి అలా మండిపడే హక్కు నాకు లేదు. వెళ్ళే ముందు మా ఆవిడతో నేనూ ఆ మాటే అన్నాను. పైగా "ఆ మొండిఘటాలకు నాలుగు మాటలు చెప్పి వస్తాను" అని గొప్పలు కూడా పోయాను.

సంగతేమిటంటే, మా బావమరిది సుబ్బారావు నంద్యాలలో రైతుల సహకార సంఘం ఒకదానిలో గుమాస్తా. జొన్న విత్తనానికి పట్టించే మందును ఊళ్ళకు చేర్చడం అతని పని. సరిగ్గా విత్తే రోజుల్లో మలేరియాతో మంచం పట్టాడు. "బావా, నీకెలాగూ సెలవులే కదా. హస్త కార్తెలో వాన పడిందంటే నాలుగైదు రోజుల్లో విత్తేస్తారు. ఆలోగా మందు చేరకపోతే ఈ యేడు కూడా కాటుకే. ఒక్కసారి వచ్చి సాయం చెయ్యి" అని ఉత్తరం రాశాడు.

కాటుక అంటే కంటికి పెట్టుకునేది కాదు, జొన్నకు పట్టే తెగులు. వరి తప్ప మరో పంట ఎరగని మావాళ్ళ కోసం చెబుతున్నాను. కంకిలో గింజ ఉండాల్సిన చోట బూడిదరంగు తొడుగు ఉంటుంది. వేళ్ళతో నలిపితే లోపల పిండి ఉండదు, కాటుకలాంటి నల్లటి పొడి ఉంటుంది. కళ్ళంలో తొక్కించినప్పుడు ఆ తొడుగులు పగిలి, పొడి మంచి గింజలకు అంటుకుంటుంది. మరుసటి యేడు ఆ గింజలే విత్తితే తెగులు మొలకతో పాటు లోలోపలే పెరిగి, కంకి వేసేదాకా బయటపడదు. పడ్డాక చేసేదేమీ లేదు. విత్తే ముందే గింజను మైలుతుత్తం కరిగించిన నీళ్ళలో కాసేపు ముంచి నీడన ఆరబెట్టాలి, అంతే. ఇంత చిన్న పని చెయ్యక ఏటికేడు పంట పోగొట్టుకుంటారా అని రైలు ఎక్కేముందే నాకు ఆ జనం మీద కోపం వచ్చేసింది.

నంద్యాల

గుంటూరులో రైలెక్కితే నల్లమల అడవి దాటేసరికి ఒళ్ళంతా బొగ్గునుసి. నంద్యాల స్టేషను బయట ఒకామె ఆకులో ఉగ్గాని అనే పదార్థం పెట్టి ఇస్తోంది. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పైన పప్పులపొడి చల్లి, పక్కన ఒక మిరపకాయ బజ్జీ. అర్ధణా. మా వైపు బొరుగులంటే పిల్లలు జేబుల్లో పోసుకు తినేవి. ఇదేం ఫలహారం అని ముఖం చిట్లించాను. "తిని సూడప్పా, దుడ్లు తర్వాత ఇయ్యి" అంది. రెండో ఆకు కూడా నేనే అడిగి తిన్నాను. బజ్జీ కారానికి కళ్ళలో నీళ్ళు కారుతుంటే ఆమె నవ్వి, ఊరికే మజ్జిగ పోసింది.

నన్ను 'నువ్వు' అనడం మాత్రం కొరుకుడు పడలేదు. మా వైపు బడిపంతుల్ని పొలం పనివాళ్ళు కూడా 'మీరు' అనకుండా మాట్లాడరు. ఇక్కడ బండివాడు, బట్టలకొట్టు షావుకారు, అందరూ 'నువ్వు'. చివర 'అప్పా' తగిలిస్తే అదే మర్యాదట. ఆ మర్యాద అర్థం కావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

సుబ్బారావు దుప్పటి కప్పుకుని వణుకుతూనే మందు పొట్లాలు, అచ్చువేసిన కాగితాల కట్ట అప్పగించాడు. కాగితంలో పదకొండు వాక్యాలు. ఇనప పాత్ర వాడరాదు, కుండలోనే కలపవలెను. పది నిమిషములు ముంచవలెను. నీడన ఆరబెట్టవలెను. పశువులకు అందకుండ ఉంచవలెను. ఎవరు రాశారో పేరు లేదు. ఒకసారి చదివి, బాగానే ఉందనుకుని, సంచిలో పెట్టుకున్నాను.

"వాళ్ళు అడిగిందానికి ఓపికగా జవాబు చెప్పు బావా. నీ కోపం రేపల్లెలోనే వదిలేసి వచ్చావా?" అన్నాడు సుబ్బారావు.

"నాకేం కోపం?" అని కసిరాను.

కోవెలకుంట్ల దారి

బండి తోలినవాడు నాగన్న. యాభై ఏళ్ళుంటాయి. బయలుదేరింది మొదలు వాడికీ నాకూ పడలేదు. దారి పొడుగునా నల్లరేగడి. ముందురోజు వాన పడిందేమో, చక్రానికి మన్ను చుట్టుకుని మైలుకోసారి బండి ఆగేది. దిగి కర్రతో గీకడం, మళ్ళీ ఎక్కడం. ఒకచోట నేనే దిగి మోకాలిదాకా దిగబడిపోయాను. చెప్పు ఒకటి ఆ రేగడిలోనే ఉండిపోయింది. నాగన్న వెతికి వెతికి, "నీ చెప్పును భూమమ్మ తినేసింది అయివారా, ఇంగ రాదు" అన్నాడు. మిగిలిన చెప్పును విసిరేసి వట్టికాళ్ళతో కూర్చున్నాను.

కుందూ ఒడ్డున ఎద్దులు విప్పాడు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయలు, బుడ్డలు, అంటే వేరుశనగలు, వేసి నూరిన ఊరిబిండి అనే పచ్చడి. అన్నం లేదా అని అడిగాను. "అన్నమా? పండగకు వండుకుంటాం" అన్నాడు నాగన్న మామూలుగా. మా కాలవల కింద మూడు పూటలా తిని చెయ్యి కడుక్కునే అన్నం ఇక్కడ పండగవంట. జొన్న పోతే వీళ్ళకు మరేమీ లేదన్న సంగతి అప్పుడు కొంచెం బుర్రకెక్కింది. అది ఎక్కాక కోపం ఇంకా పెరిగింది. తినేది అదొక్కటే అయినప్పుడు దాన్ని కాపాడుకోవాలని తెలియదా?

"మీ ఊళ్ళల్లో కాటుక ఎందుకు పడుతుందో తెలుసా?" అని అడిగాను.

"తెలీకేం! కాటిక పెట్టుకున్న ఆడది జొన్న ఈనే పొద్దు సేన్లేకి పోతే కంకికి కాటిక పడతాది. అందుకే మా ఊళ్ళో ఆడోళ్ళు కండ్లకు కాటిక మానేసినారు."

"మానేస్తే తెగులు పోయిందా?"

"యాడ పోయింది! యాడో ఒకామె దొంగతనంగా పెట్టుకొనింటాది."

నాకు తల బాదుకోవాలనిపించింది. కుందూ దాటేదాకా వాడికి గింజ, పొడి, మొలక అంటూ పాఠం చెప్పాను. వాడు ఎద్దుల తోకలు మెలిపెడుతూ విన్నాడు. చివరికి "అయితే ఆడోళ్ళు కాటిక పెట్టుకోవచ్చునా?" అని మాత్రం అడిగాడు.

హుసేనప్ప ఇల్లు

ఆ ఊరి పేరు రాయను. వాళ్ళను చూసి ఎవరైనా నవ్వితే నేను సహించలేను.

చావడి దగ్గర ఇరవై మంది పోగయ్యారు. అరవై ఎకరాల ఆసామి ఓబుళరెడ్డి పొట్లం వాసన చూసి, "మా తాతనాటి నుంచీ ఉండాది కాటిక. నిన్నొచ్చిన నువ్వు తీసేస్తావా?" అని నా ముందే పొట్లం పక్కవాడి ఒళ్ళో పడేశాడు. మిగిలినవాళ్ళు నవ్వారు. అయిదుగురు మాత్రం తలా ఒక పొట్లం పుచ్చుకున్నారు, వాడతామని మాత్రం అనలేదు. నన్ను అప్పటికప్పుడు ఇంటికి రమ్మన్నది ఒక్కరే, దూదేకుల హుసేనప్ప. రమ్మన్నది అతను కూడా కాదు, వెనక నిలబడ్డ అతని భార్య మస్తానమ్మ.

"పోయిన యేడు ఆరెకరాలు ఇత్తితే మూడుపాళ్ళు నల్లగైపాయ. ఉగాదికే పాతర అడుగంటింది. ఈ గింజలు బంగారు మాదిరి దాచిపెట్టినా. ఇవి గూడా కాటికైతే ఊరిడిసి ఎర్రగుంట్ల కాడ బండలు మోసేకి పోవల్ల. నువ్వు సెప్పింది నిజమేనా అయివారా?" అంది. ఆమె కళ్ళకు కాటుక లేదు. మూడేళ్ళుగా లేదట.

"నిజం కాకపోతే ఇంత దూరం ఎందుకొస్తాను?" అన్నాను.

ఆ ఇంట్లో నలుగురు. హుసేనప్ప, మస్తానమ్మ, వాళ్ళ చిన్న కూతురు, హుసేనప్ప ముసలి తల్లి. దూదిని ఏకే విల్లు గోడకు వేలాడుతోంది. పీర్ల పండగకు వీళ్ళ ఇంటి ముందే ఊరంతా చేరుతుందట. వీళ్ళింట్లో విత్తనాలు విత్తే గొర్రుకు పసుపూ కుంకుమా ఉన్నాయి. మా వైపు ఇలాంటిది చూడలేదు. ఎవరూ దాన్ని వింతగా అనుకోకపోవడమే నాకు వింతగా ఉంది.

పనిలో దిగాం. హుసేనప్ప ఇనప బక్కెట తెచ్చాడు. "కుండ! కుండ అని కాగితంలో లేదూ?" అని అరిచాను. అతనికి చదువు రాదని తర్వాత గుర్తొచ్చింది. మస్తానమ్మ రెండు పెద్ద కుండలు కడిగి పెట్టింది. ముందు గింజల్ని నీళ్ళలో పోస్తే తాలుతో పాటు కాటుక తొడుగులు పైకి తేలాయి. చూసిన ముసలామె "యా అల్లా, ఇన్ని ఉండాయా దీంట్లో!" అంది. ఆ మాటతో నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. నీలంగా ఉన్న మందునీళ్ళలో గింజలమూట ముంచి, నేను గడియారం పట్టుకుని నిలబడ్డాను. తీసి వసారాలో ఆరబోశాం. గింజ మీద సన్నగా పచ్చని ఛాయ.

మస్తానమ్మ ఒక గింజ తీసి చూస్తూ అడిగింది. "ఈ మందు నీళ్ళకు కడిగితే పోతాదా అయివారా?"

నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. పొద్దుటినుంచి చాకిరీ చేసి మందు పెట్టిస్తే, నమ్మకం లేక కడిగి విత్తుదామనుకుంటోంది! ఓబుళరెడ్డి మీద కోపం, నాగన్న మీద కోపం, పోయిన చెప్పుల మీద కోపం, అన్నీ కలిపి ఆమె మీద పడ్డాయి.

"కడగడానికా ఇంత కష్టపడి పెట్టింది? అడ్డమైన ప్రశ్నలు వెయ్యకుండా చెప్పినట్టు చెయ్యి!" అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. గింజను జాగ్రత్తగా కుప్పలో వేసి లోపలికి పోయింది. కాసేపటికి సంగటి, పుల్లగూర తెచ్చి నాకు పెట్టింది. వడ్డన మాత్రం తగ్గించలేదు.

మర్నాడు విత్తడం మొదలైంది. గొర్రు మీద జడ్డిగం అనే చెక్కగిన్నె ఉంటుంది. ఆడమనిషి గొర్రు వెంట నడుస్తూ పిడికిలిలోంచి గింజలు అందులోకి వదులుతూ ఉంటే, వెదురుగొట్టాల్లోంచి చాళ్ళలో పడతాయి. మస్తానమ్మ పిడికిలి చూడాలి. ఒక గింజ ఎక్కువ లేదు, ఒక గింజ తక్కువ లేదు. మా వైపు నారు పోసేవాళ్ళు చేతులు విసురుతారు. ఈమె చెయ్యి కదిలినట్టే ఉండదు.

నేను జమ్మలమడుగు వైపు ఇంకో రెండు ఊళ్ళు చూడాల్సి ఉంది. వెళ్తున్నానంటే హుసేనప్ప చెయ్యి పట్టుకున్నాడు. "ఎల్లుండి గొర్రు కడుగుతాం. ఆ దినం మా ఇంట్లో తిని పోవల్లప్పా. ఎద్దులిచ్చినోళ్ళు, ఇత్తినోళ్ళు అందరూ వస్తారు. మందిచ్చినోడివి నువ్వు లేకపోతే ఎట్ల?"

"నాకు తిండి మీద యావ లేదయ్యా, పనుంది" అన్నాను. ఆ రోజు ఏం చేస్తారు, ఏం తింటారు అని ఒక్క మాట అడగలేదు. అడగాలనే తోచలేదు.

జమ్మలమడుగు

రెండు ఊళ్ళలోనూ నా పొట్లాలు చెల్లలేదు. ఒకచోట అప్పటికే విత్తడం అయిపోయింది. రెండోచోట కరణంగారు మందు పొట్లాలన్నీ తనకే ఇమ్మన్నాడు, ఎందుకంటే నిమ్మచెట్లకు కొట్టుకోవడానికట! ఇవ్వనని చెప్పి, ఆయన్ను నాలుగు మాటలని, గురువారం మధ్యాహ్నానికి జమ్మలమడుగు చేరాను.

ఊరి వెలుపల వంకలో కొందరు గొర్రు కడుగుతున్నారు. పసుపు రాసి, వేపమండ కట్టి, దాని ముందు మోదుగాకుల్లో గుగ్గిళ్ళు పెట్టారు. దారిన పోతున్న నన్ను పిలిచి ఒకామె దోసిట్లో పోసింది. వేడిగా, బెల్లం కలిపి, బాగున్నాయి. మూడు రోజులుగా ఎవరితోనూ మంచిగా మాట్లాడని నేను ఆమెతో మాత్రం మర్యాదగా అడిగాను.

"జొన్న గుగ్గిళ్ళా అమ్మా?"

"ఊఁ. గొర్రులో మిగిలిన ఇత్తనమప్పా. ఇత్తనానికని సేన్లేకి తెచ్చింది మళ్ళీ ఇంట్లేకి పోగూడదు. ఉడకబెట్టి గొర్రుకు పెట్టి, ఇత్తినోళ్ళంతా తినల్ల. పెద్దోళ్ళకు ముందు."

హుసేనప్ప ఎల్లుండి అన్నది ఈ రోజే.

"కడిగితే పోతాదా అయివారా?" అని మస్తానమ్మ అడిగింది ఇందుకు. విత్తేముందు కడగడానికి కాదు. విత్తగా మిగిలినవి నలుగురికీ వండిపెట్టాలి గనక అడిగింది. అడగాల్సిన మాట అదొక్కటే. మందు మోసుకొచ్చిన నాకు రాలేదు, కాగితం రాసినవాడికి రాలేదు, సుబ్బారావుకు రాలేదు. ఆమెకొక్కదానికే వచ్చింది. దానికి నేనిచ్చిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఊళ్ళో డాక్టరు దగ్గరకు పరుగెత్తాను. మైలుతుత్తం అంటించిన గింజలు తింటే ఏమవుతుందని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "వాంతులవుతాయి. కక్కేస్తే బతికారు. మజ్జిగ, కోడిగుడ్ల తెల్లసొన తాగించు. ఎవరు తిన్నారు?" అన్నాడు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను. కోవెలకుంట్లకు బస్సు మర్నాడు పొద్దున్నే గాని లేదన్నారు. బండి మాట్లాడదామంటే ఎద్దులన్నీ విత్తే గొర్లకే కట్టి ఉన్నాయి. ఆ బస్సువాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, వాళ్ళేం చేస్తారు? ఊరికే ఉండలేక తిట్టాను.

మళ్ళీ ఆ ఊరు

శుక్రవారం పొద్దెక్కాక ఊళ్ళో అడుగుపెట్టాను. చావడి ముందు నేల మీద నా పొట్లాలు అయిదూ వరసగా పెట్టి ఉన్నాయి. ఎవరూ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

హుసేనప్ప ఇంటి వసారాలో ముసలామె చాప మీద పడుకుని ఉంది. ముఖం పీక్కుపోయింది. ఏడుగురు తిన్నారట. అందరికీ వాంతులు, కడుపులో మంట. ఆరుగురు తెల్లారేసరికి లేచి కూర్చున్నారు. పెద్దది గనక మొదటి దోసెడు ముసలామెకు పెట్టారు. ఆమె ఇంకా లేవలేదు. గుడ్డు తెల్లసొన మజ్జిగలో కలిపి తాగించమని చెప్పాను. మస్తానమ్మ అప్పటికే రాత్రినుంచీ మజ్జిగ తాగిస్తూనే ఉంది. ఆమె కూడా తిన్నదే, కళ్ళు గుంటలు పడ్డాయి. అయినా కూర్చోలేదు.

చావడి దగ్గరివాళ్ళంతా ఇంటిముందుకు వచ్చారు. ఓబుళరెడ్డి ముందు నిలబడి, "గింజలు తింటేనే ఇట్లయితే, ఆ సేను పండితే ఆ జొన్నలు ఎవురు తింటారు? ఊరికి శని. ఇయ్యాలే గుంటక తోలి చెరిపెయ్యి హుసేనప్పా. లేకుంటే నీ కోతకు ఈ ఊళ్ళో ఒక్క మనిసి రాదు" అన్నాడు.

"పంటకు విషం రాదండీ! మందు గింజ పైపొరకే, మొలకెత్తాక ఏమీ ఉండదు!" అని అరిచాను. నిజమే చెప్పాను. కాని నా నోటి నిజానికి ఆ రోజు విలువ లేదు. హుసేనప్ప నా వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు.

మస్తానమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది.

"నేను నిన్ను ఒక మాట అడిగినా. ఏం మాట?"

"కడిగితే పోతుందా అని."

"నువ్వేమన్నావు? ఈళ్ళందరూ ఇనేట్టు చెప్పు."

చెప్పాను. అడ్డమైన ప్రశ్నలు వెయ్యకుండా చెప్పినట్టు చెయ్యమన్నానని, అందరి ముందూ, ఆ మాటలే చెప్పాను. బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత తప్పులు ఒప్పించినవాణ్ణి. అది ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"నాకు అనుమానం వచ్చింది. మూడు నీళ్ళు కడిగినా. చేదు తగిలితే బెల్లం ఎక్కువేసినా. నా చేత్తో పెట్టినా మా అత్తకు." ఆమె నా సంచి వైపు చెయ్యి చూపింది. "నీ కాగితంలో ఉందా, తినగూడదని?"

కాగితం తీశాను. పదకొండు వాక్యాలూ పైకి చదివాను. పశువులకు అందకుండ ఉంచవలెను అని ఉంది. మనుషుల ఊసు లేదు. ఎద్దు గురించి ఆలోచించినవాడికి, ఎద్దు వెనక నడిచే ఆడమనిషి గుర్తుకు రాలేదు! గదిలో కూర్చుని ఇది రాసినవాడు ఒక్కసారి, ఒక్క చేనుకు వచ్చి, గొర్రు కడిగే రోజున నిలబడి ఉంటే! వాడినని ఏం లాభం? నేను వచ్చాను. నిలబడమన్నారు. నిలబడలేదు.

"ఏంటికప్పా అంత కష్టం?" అంది మస్తానమ్మ. ఇప్పుడు ఆమె గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువ. "మందు పెట్టకముందే గుగ్గిళ్ళకు దోసెడు పక్కన తీసిపెట్టుకోండి అని చెప్పింటే సరిపోయేది గదా? మా మర్యాద మాకుండు, మీ మందు మీకుండు."

కాగితం మడిచి సంచిలో పెట్టాను. రెండు క్షణాల్లో ఆమెకు తట్టిన ఉపాయం అది.

ఆమె ఓబుళరెడ్డి వైపు తిరిగింది. "సేను చెరిపేది లేదు రెడ్డీ. ఇంట్లో ఇంగో గింజ లేదు, పైన ఇంగో వాన లేదు. చెరిపి ఏం తినల్ల? కోతకు ఎవురూ రాకుంటే నేనూ నా మొగుడే కోసుకుంటాం. పండినంక ముందు నేనే తింటా, ఊరంతా సూడండి."

రెడ్డి ఇంకేదో గొణిగాడు గాని మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మూడు రోజులు ఆ వసారాలోనే ఉన్నాను. నన్ను ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆదివారం ముసలామె లేచి గోడకానుకుని కూర్చుంది. నన్ను చూసి, "ఈయప్పకు సంగటి పెట్టినారా?" అని అడిగింది.

తిరిగి వచ్చాక

నంద్యాలలో సుబ్బారావు మీద గంటసేపు అరిచాను. అతను జ్వరం ముఖంతో అంతా విని, పైవాళ్ళకు అర్జీ రాద్దామన్నాడు. ఇద్దరం కలిసి రాశాం. కాగితంలో ఒక్క వాక్యం చేర్చండి అని. జవాబు రాలేదు. రేపల్లె నుంచి మళ్ళీ రాశాను. దానికీ రాలేదు.

మాఘమాసంలో సుబ్బారావు ఉత్తరం వచ్చింది. స్వయంగా ఆ ఊరు వెళ్ళొచ్చాడట. హుసేనప్ప ఆరెకరాల్లో వెతికినా నాలుగైదు నల్లకంకులకు మించి లేవు. గట్టు అవతల ఓబుళరెడ్డి చేను సగానికి సగం కాటుక. కోతకు మొదటిరోజు మొగుడూ పెళ్ళాం ఇద్దరే దిగారు. ముసలామె గట్టు మీద కూర్చుని కట్టలు లెక్కపెట్టింది. మూడోరోజుకు ఆనాడు గుగ్గిళ్ళు తిని పడిపోయినవాళ్ళే నలుగురు కొడవళ్ళతో వచ్చారు. కొత్త జొన్నల సంగటి మస్తానమ్మ చావడి ముందు కూర్చుని తిన్నదట. విత్తనాల కంకులు ఏరి దూలానికి కట్టి, మందు కావాలని అడగడానికి వచ్చినవాళ్ళందరికీ ఆ దోసెడు మాట తానే చెబుతోందట. ఉత్తరం చివర "ఆమె కళ్ళకు కాటుక పెట్టుకుంది బావా" అని రాశాడు.

ఆ ఉత్తరంతో పాటే వచ్చే యేటికి పంచాల్సిన కాగితాలు అచ్చయి వచ్చాయని ఒకటి పంపాడు. ఆత్రంగా విప్పి చదివాను. అవే పదకొండు వాక్యాలు. ఒక కామా కూడా మారలేదు. ఆ పూట నేను భోజనం చెయ్యలేదు. మా ఆవిడ ఎవరిమీద కోపమని అడిగితే ఎంతమంది పేర్లని చెప్పను, మొదటిది నాదే.

మర్నాడు తంతి కొట్టి మొత్తం కట్టలన్నీ రేపల్లెకే తెప్పించుకున్నాను. బడి నుంచి వచ్చాక రోజుకు యాభై చొప్పున ముందేసుకుని కూర్చుంటున్నాను. చెయ్యి లాగేస్తోంది, సిరా బుడ్లు అయిపోతున్నాయి. ప్రతి కాగితం కింద, ఉన్న కాస్త జాగాలో, పన్నెండో వాక్యం పెద్ద అక్షరాలతో నా చేత్తో రాస్తున్నాను. చదువు రానివాళ్ళకు కూడా ఎవరైనా చదివి వినిపిస్తే అర్థమయ్యేట్టు, ఆమె అన్నది అన్నట్టే.

"మందు పెట్టకముందే గుగ్గిళ్ళకు దోసెడు పక్కన తీసిపెట్టుకోండి."